వీలునామా లేని ఆస్తి: సంతకాలకు ముందు వారసులు తేల్చుకోవలసినవి

ఇంటి పెద్ద వీలునామా రాయకుండా మరణిస్తే, ఆస్తి ప్రస్తావన చాలా కుటుంబాల్లో పెద్దకర్మ నాటికే వస్తుంది. బంధువులందరూ ఒకచోట ఉన్నారు కాబట్టి పని ఇప్పుడే ముగించుకుందామని ఎవరో ఒకరు అంటారు. డాక్యుమెంట్ రైటరు దగ్గర రాయించిన కాగితం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. దుఃఖంలో ఉన్న ఆడపిల్లలు అందులో ఏముందో చదవకుండానే చూపించిన చోట సంతకం పెడతారు. తర్వాత ఏళ్ల తరబడి సాగే దావాలు ఎన్నో ఈ తొందరలోనే మొదలవుతాయి. ఎవరి వాటా ఎంతో లెక్క తేలేవరకు కుటుంబంలో ఎవరూ ఏ దస్తావేజు మీదా సంతకం చేయకూడదు. తన వాటాను అన్నదమ్ములకు ఇష్టపూర్వకంగా వదిలేయాలనుకునే ఆడపడుచు కూడా తాను వదులుతున్నది ఎంతో తెలుసుకున్న తర్వాతే వదలాలి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలకు సంబంధించినది. బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. క్రైస్తవుల ఆస్తికి 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం, పిల్లలున్న పక్షంలో భార్యకు మూడో వంతు పోగా మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. ముస్లింలకు వారి మత ధర్మశాస్త్రం ప్రకారం కూతురికి వచ్చే దానికి రెట్టింపు కొడుకుకు వస్తుంది, వీలునామా ద్వారా ఇవ్వగలిగేది సాధారణంగా మూడో వంతుకు మించదు. షెడ్యూల్డు తెగలకు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఏజెన్సీ మండలాల్లోని కుటుంబాలు ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకుని స్థానికంగా విడిగా సలహా తీసుకోవాలి.

మొదటి పని: ఆస్తుల పట్టిక

ఒక పుస్తకం తీసుకుని పొలం, ఇల్లు, ఇంటి స్థలం, బ్యాంకు డిపాజిట్లు, బంగారం, బీమా, అప్పులు అన్నీ రాయండి. ప్రతి స్థిరాస్తి ఎదుట మూడు సంగతులు ఉండాలి: పత్రం ఎవరి పేరున ఉంది, ఆ మనిషికి అది ఎలా వచ్చింది, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పత్రం, చూసుకోవచ్చు. అంతకుముందు లావాదేవీలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వెతికించాలి. పొలాలకు ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వెబ్‌సైట్ నుంచి 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు, స్వాధీన వివరాల రికార్డు) తీసుకోవాలి. తెలంగాణలో అడంగల్ లాంటి పాత పహాణీలతో పాటు, 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ భూభారతిలోని వివరాలు కూడా చూడాలి.

పహాణీ, అడంగల్ చూసేటప్పుడు పట్టాదారు గడిని, అనుభవదారు గడిని పక్కపక్కన పెట్టి చదవండి. రెండు గడుల్లోనూ ఒకే పేరు ఉంటే సరే. పట్టాదారుగా తండ్రి పేరు, అనుభవదారుగా బాబాయి పేరో కౌలుదారు పేరో ఉంటే, ఆ మార్పు ఏ సంవత్సరం నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. ఆ సంవత్సరం తెలిస్తే అసలు కథ సగం బయటపడుతుంది.

పట్టికలో కలపకూడనివి కొన్ని ఉన్నాయి. అమ్మ పేరున దస్తావేజు ఉన్న ఇల్లు, డబ్బు నాన్నే పెట్టి ఉండవచ్చు గాక, చట్టం దృష్టిలో సాధారణంగా అమ్మకు సంపూర్ణ హక్కు ఉన్న ఆస్తే. ఆమె జీవించి ఉన్నంతకాలం దాన్ని పంచమని అడిగే హక్కు పిల్లలకు లేదు. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, అంటే డి పట్టా లేదా లావుణి పట్టా, వారసులకు సంక్రమిస్తుంది కానీ 1977 నాటి చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది; ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన కొన్ని పట్టాలకు సడలింపు ఇచ్చింది. బ్యాంకు ఖాతాలో నామినీగా పేరు ఉన్నంత మాత్రాన ఆ సొమ్ము నామినీ సొంతం కాదు. నామినీ దాన్ని తీసుకుని వారసులందరికీ చెందవలసిన విధంగా అందజేయాలి.

పిత్రార్జితమా, స్వార్జితమా

వాటాల లెక్క మొత్తం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. అపోహలు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. తండ్రి తన సంపాదనతో కొన్నది స్వార్జితం. తాత ముత్తాతల నుంచి సమష్టి కుటుంబ ఆస్తిగా, పంపకం కాకుండా దిగివచ్చినది పిత్రార్జితం. అయితే తాత నుంచి వచ్చిన ప్రతిదీ పిత్రార్జితమేనని, అందులో మనవడికి పుట్టుకతోనే వాటా ఉంటుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. ఇది అన్ని సందర్భాల్లోనూ నిజం కాదు. తాత 1956 తర్వాత తన స్వార్జితాన్ని వదిలి, వీలునామా లేకుండా చనిపోతే, ఆ ఆస్తిలో తండ్రికి వచ్చిన వాటా తండ్రి సొంత ఆస్తి అవుతుంది. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో ఈ సంగతిని స్పష్టం చేసింది. కాబట్టి తండ్రి బతికి ఉండగా అలాంటి ఆస్తిలో వాటా కోరే కొడుకుకు గానీ కూతురికి గానీ చట్టం అండ ఉండదు. తండ్రి దాన్ని అమ్మవచ్చు, ఇష్టమైనవారికి రాసి ఇవ్వవచ్చు.

కుటుంబం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఆస్తి ఉమ్మడిది అయిపోదు. అది ఉమ్మడి ఆస్తి అని చెప్పేవారే రుజువు చూపాలి. అందువల్ల పాత లింకు డాక్యుమెంట్లు, తాత కాలపు శిస్తు రసీదులు, పాత భాగపరిష్కార దస్తావేజులు ఏవీ పారేయకండి.

వారసులు ఎవరు

మగవారు వీలునామా లేకుండా చనిపోతే మొదటి తరగతి వారసులకు ఆస్తి ఏకకాలంలో చెందుతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి, ఈ అందరికీ తలా ఒక వాటా. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే, ఆ శాఖ మొత్తానికి ఒక వాటా వస్తుంది. తండ్రి ఈ తరగతిలో లేడు, రెండో తరగతిలో ఉన్నాడు. కుటుంబాలు తరచుగా మరచిపోయేది చనిపోయిన వ్యక్తి తల్లిని. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకు మనవళ్లతో సమానంగా వాటా ఉంటుంది. ఆమె పేరు లేకుండా రాసుకున్న పంపకం లోపభూయిష్టమే.

తల్లి గర్భంలో ఉన్న శిశువు ప్రాణంతో పుడితే ఆ బిడ్డకూ వాటా ఉంటుంది. చెల్లని వివాహం వల్ల కలిగిన పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంది. 2023లో సుప్రీంకోర్టు, సమష్టి ఆస్తిలో తండ్రికి తేలే భాగానికి కూడా ఇది వర్తిస్తుందని చెప్పింది. అయితే వారు ఇతర బంధువుల ఆస్తిని అడగలేరు. మతం మారిన కూతురు ఆ కారణంగా హక్కు కోల్పోదు. మతం మారిన తర్వాత ఆమెకు పుట్టిన పిల్లలు మాత్రం, వారసత్వం వచ్చే నాటికి వారు హిందువులు కాకపోతే, హిందూ బంధువుల నుంచి వారసత్వం పొందలేరు.

స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే వరుస వేరు. ముందుగా కొడుకులు, కూతుళ్లు, భర్తకు చెందుతుంది. వీరెవరూ లేకపోతే భర్త వారసులకు పోతుంది. కానీ ఆమెకు తన తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమెకు సంతానం గానీ చనిపోయిన బిడ్డల సంతానం గానీ లేనప్పుడు, పుట్టింటివైపు తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. పిల్లలు లేని స్త్రీలు తమ సంపాదన ఎవరికి చెందాలో వీలునామా ద్వారా చెప్పడం అత్యవసరం. లేకపోతే తనను కన్నవారి కంటే ముందు భర్త తరఫు బంధువులు వారసులవుతారు.

లెక్క ఎలా వేయాలి

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రి ఇటీవల మరణించాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. పొలం 12 ఎకరాలు. అది ఆయన స్వార్జితమైతే నలుగురికీ తలా 3 ఎకరాలు. నాయనమ్మ కూడా ఉంటే ఐదు వాటాలు, ఒక్కొక్కటి 2 ఎకరాల 40 సెంట్లు, తెలంగాణ లెక్కలో 2 ఎకరాల 16 గుంటలు.

అదే 12 ఎకరాలు పంపకం కాని పిత్రార్జితమైతే లెక్క రెండు దశల్లో నడుస్తుంది. తండ్రి మరణానికి సరిగ్గా ముందు పంపకం జరిగినట్టు ఊహించాలి. తెలుగు ప్రాంతాల్లో అమలులో ఉన్న సంప్రదాయం ప్రకారం ఈ ఊహా పంపకంలో భార్యకు విడిగా వాటా లేదు. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు, ఈ నలుగురికీ తలా 3 ఎకరాలు వస్తాయి. తర్వాత తండ్రి వాటాకు వచ్చిన 3 ఎకరాలు ఆయన వారసులైన భార్య, ముగ్గురు పిల్లల మధ్య సమానంగా పోతాయి, అంటే ఒక్కొక్కరికి 75 సెంట్లు లేదా 30 గుంటలు. చివరికి పిల్లలకు తలా 3 ఎకరాల 75 సెంట్లు, తల్లికి 75 సెంట్లు మాత్రమే దక్కుతాయి. ఒకే పొలం, ఒకే కుటుంబం, కానీ పొలం స్వభావం మారగానే తల్లి వాటా 3 ఎకరాల నుంచి ముప్పావు ఎకరానికి పడిపోయింది. అందుకే స్వభావాన్ని తేల్చకుండా సంతకం వద్దంటున్నాను. ఇలాంటి చోట తల్లి జీవనాధారం గురించి పిల్లలు ముందుగానే ఆలోచించి, ఆమె పేరున తగినంత రాయడం న్యాయం.

కూతురి హక్కుపై తరచుగా చెప్పే అభ్యంతరాలు

పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను అప్పటి ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఆనాటికి పెళ్లి అయిపోయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదాన్ని తీసేసింది. తండ్రి 2005 కంటే ముందే చనిపోతే ఈ హక్కు ఉంటుందా అన్న సందేహానికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు సమాధానం ఇచ్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదు. అయితే 2004 డిసెంబరు 20 కంటే ముందు రిజిస్టరు దస్తావేజు ద్వారా లేదా కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ద్వారా పూర్తయిన పంపకాలు, అప్పటికే చేసిన అమ్మకాలు చెదరవు. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామని అన్నదమ్ములు చెబితే, దానికి ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉంటే తప్ప కోర్టు సాధారణంగా అంగీకరించదు.

ఆమె పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అనే మాట తెలుగునాట ప్రతి పంచాయితీలోనూ వినిపిస్తుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వారసత్వ హక్కు పోదు. పైగా కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. పసుపుకుంకుమ కింద పొలం ఇచ్చామని చెప్పినప్పుడు, అది రిజిస్టరు అయిన దస్తావేజుతో ఆమె పేరున ఉందా, లేక నోటిమాటతో ఫలసాయం మాత్రం పంపుతున్నారా అని చూడాలి. నోటిమాటే అయితే ఆ భూమి పుట్టింటి పట్టాలోనే ఉన్నట్టు.

కాగితాల వరుస

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు అవసరమవుతుంది. మరణ ధ్రువీకరణ పత్రంలో పేరు పాసుపుస్తకంలోని పేరుతో సరిపోయిందో లేదో అక్కడికక్కడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే తర్వాత ప్రతి కార్యాలయంలోనూ అడుగుతారు. ఆ తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయాలి. పెళ్లయిన కూతుళ్ల పేర్లు దరఖాస్తులోనే వదిలేయడం ఎక్కువగా జరిగే మోసం, కాబట్టి దాఖలు చేసే ముందు అందరూ చూడాలి. ఈ పత్రం కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది తప్ప హక్కులను నిర్ణయించదు. బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు వారసత్వ ధ్రువపత్రం అడిగితే దాన్ని సివిల్ కోర్టు నుంచి తెచ్చుకోవాలి. అది పొలానికి, ఇంటికి పనికిరాదు.

తెలంగాణలో విరాసత్ అని, ఆంధ్రలో మ్యుటేషన్ అని పిలిచే పేరు మార్పు తర్వాతి మెట్టు. ఒక్క అన్న పేరున పట్టా మారినంత మాత్రాన మిగిలినవారి హక్కు పోదు. రెవెన్యూ రికార్డులో నమోదు శిస్తు వ్యవహారం కోసమే తప్ప యాజమాన్యాన్ని సృష్టించదని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. అయినా ఆ ఒక్క పేరునే చూసి కొనేవారు ఉంటారు కాబట్టి, మిగిలిన వారసులు తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు దాచుకోవాలి.

తండ్రి అప్పులకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. సొంత సంపాదన నుంచి తీర్చమని ఎవరూ బలవంతపెట్టలేరు.

సంతకం పెట్టే కాగితం

కుటుంబం ఒక అంగీకారానికి వస్తే సరైన మార్గం అందరూ కలిసి రాసుకుని రిజిస్టరు చేయించుకునే భాగపరిష్కార దస్తావేజు. ఎవరికి ఏ సర్వే నెంబరులో ఎంత, హద్దులు ఏవి, దారి ఎటు, బోరుబావిలో ఎవరి వంతు ఎంత అన్నవి అందులో ఉండాలి. దారి, నీళ్లు రాయకుండా వదిలేసిన పంపకం మొదటి పంటకే గొడవ తెస్తుంది. స్టాంపు సుంకం రెండు రాష్ట్రాల్లో వేర్వేరుగా ఉంటుంది, మారుతూ కూడా ఉంటుంది కనుక ఆ రోజుకు ఉన్న రేటును సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనే కనుక్కోవాలి.

ఒక వారసుడు తన వాటాను మరొకరికి వదులుకునే హక్కు విడుదల దస్తావేజును మాత్రం ఒకటికి రెండుసార్లు చదవాలి. మొదట షెడ్యూలు, అంటే ఆస్తుల జాబితా, చూడండి. ఊళ్లోని ఇల్లు ఒక్కటే అని చెప్పి, చివర “తదితర స్థిర చరాస్తులన్నియు” అని కలిపి ఉండవచ్చు. తర్వాత ప్రతిఫలం చూడండి. “నాకు రావలసిన సొమ్ము యావత్తు ముట్టినది” అని రాసి ఉంటే, ఆ డబ్బు నిజంగా బ్యాంకు ద్వారా చేతికి వచ్చిన తర్వాతే సంతకం చేయాలి. ఆపైన, ఎవరి పక్షాన విడుదల చేస్తున్నారో చూడాలి. తల్లికి వదులుతున్నానని ఆడపడుచు అనుకుంటూ ఉండగా, కాగితంలో పెద్దన్న పేరు ఒక్కటే ఉండవచ్చు. పన్నుల పని కోసమని అడిగే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పత్రంలో అమ్మే అధికారం ఉందేమో చూసి, ఉంటే ఆ వాక్యాన్ని తీయించాలి. మోసంతో తీసుకున్న సంతకాన్ని రద్దు చేయించుకోవాలంటే, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి.

మైనరు పిల్లలకు వారసత్వంగా వచ్చిన వాటాను తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేదు. విదేశాల్లో ఉన్న వారసులు రాలేకపోతే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది దేశానికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి. ప్రవాసులు వ్యవసాయ భూమిని కొనలేరు గానీ వారసత్వంగా పొందవచ్చు.

ఇంట్లో అద్దెకు ఉన్నవారు, పొలంలో కౌలుదారు

యజమాని మరణంతో అద్దె ఒప్పందం రద్దు కాదు. వారసులు యజమాని స్థానంలోకి వస్తారు, అద్దెకు ఉన్నవారిని నోటీసు లేకుండా, చట్టం చెప్పిన మార్గం తప్పి ఖాళీ చేయించలేరు. అద్దెను ఒక వారసుడు వసూలు చేస్తుంటే, మిగిలినవారికి లెక్క చెప్పవలసినవాడు అతనే. గొడవ ఉన్నప్పుడు అద్దెకు ఉన్నవారు ఎవరికి చెల్లించాలో వారసులందరి నుంచీ రాతలో తీసుకోవడం మేలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందంతో ఇచ్చే కార్డు వల్ల కౌలు రైతుకు భూమిపై యాజమాన్య హక్కు రాదు. కార్డు ఇస్తే భూమి పోతుందన్న భయంతో సంతకం నిరాకరించి ఆ రైతుకు పంట రుణం, బీమా అందకుండా చేయడం అన్యాయం. తెలంగాణలో 1950 నాటి కౌలు చట్టం కింద 38ఈ యాజమాన్య ధ్రువపత్రం పొందిన రక్షిత కౌలుదారుల సంగతి పూర్తిగా వేరు. వారి హక్కు వారసులకు కూడా సంక్రమిస్తుంది కనుక, అలాంటి పేరు పాత రికార్డులో కనిపిస్తే న్యాయవాదిని కలవకుండా ముందుకు వెళ్లకండి.

అంగీకారం కుదరకపోతే

ముందుగా లాయరు నోటీసు, తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థలో రాజీ ప్రయత్నం. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది, 15100 నెంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

పంపకం దావా వేయవలసి వస్తే ఉమ్మడి ఆస్తులన్నిటినీ, వాటాదారులందరినీ చేర్చాలి. ఒక ఇంటికి మాత్రమే దావా వేస్తే ఆ లోపం మీదే కేసు నిలిచిపోవచ్చు. ఉమ్మడి ఆస్తి నుంచి తనను వెళ్లగొట్టారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు ఉంటుంది కనుక, అన్నదమ్ములు నీకు వాటా లేదు పొమ్మని స్పష్టంగా చెప్పిన తేదీని గుర్తు పెట్టుకోవాలి. దావా నడుస్తుండగా ఎవరైనా ఆస్తిని అమ్మితే కొన్నవారు తీర్పుకు కట్టుబడి ఉండవలసిందే.

ఈ దావాలో రెండు డిక్రీలు ఉంటాయి. ప్రాథమిక డిక్రీ ఎవరి వాటా ఎంతో చెబుతుంది. చాలామంది అది రాగానే గెలిచామని ఊరుకుంటారు, కానీ దానితో పొలంలో ఒక్క గజం కూడా చేతికి రాదు. తుది డిక్రీ కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. అప్పుడు కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ సర్వేయరుతో వచ్చి, భూమిని కొలిచి హద్దులు వేస్తారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో ప్రాథమిక డిక్రీ 1999లో వచ్చింది. తుది డిక్రీ ఇంకా కాలేదు కాబట్టి, 2005 సవరణ ప్రకారం కూతుళ్ల వాటా పెంచి ఆ డిక్రీని మార్చవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. పాత దావాల్లో తక్కువ వాటా తేలి, తుది డిక్రీ దాకా రాని కూతుళ్లు తమ ఫైలును ఈ దృష్టితో మళ్లీ ఒక న్యాయవాదికి చూపించుకోవాలి. తుది డిక్రీని స్టాంపు కాగితం మీద రాయించుకుని, దాని ప్రకారం స్వాధీనం తీసుకుని, ఆ నకలుతో రెవెన్యూ రికార్డులో తన పేరున పాసుపుస్తకానికి దరఖాస్తు పెట్టడంతో ఈ పని పూర్తవుతుంది.